డార్జిలింగు టిక్కెట్టు, దుబాసీ డ్యూటీ

1993 వేసవిలో నేను ఒమాన్‌లోని నిజ్వాలో, ప్రభుత్వాసుపత్రి సర్జికల్ వార్డుకు ఇన్‌చార్జి సిస్టర్‌గా పనిచేస్తున్నాను. ఇన్‌చార్జి అంటే పెద్ద హోదా అనుకునేరు. డాక్టర్ల కోపం వార్డంతా పాకకుండా ఎవరో ఒకరి దగ్గర ఆగాలి కదా, ఆ ఒకరిని ఇన్‌చార్జి అనేవారు. ఆ జూన్‌లో నా మీద పడిన పనికి మాత్రం నర్సింగుతో సంబంధం లేదు. కోర్టులో దుబాసీగా నిలబడమన్నారు.

మా ఆసుపత్రి పరిపాలనాధికారి ఒమానీ. అందరం ఆయన్ను ముదీర్ అనేవాళ్ళం, అంటే డైరెక్టరు. ఒకరోజు ఆయన నన్ను పిలిచి అరబ్బీలో ఉన్న కాగితం ఒకటి ముందుకు తోశాడు. తెలుగు, ఇంగ్లీషు రెండూ వచ్చిన మనిషిని, వీలైతే స్త్రీని పంపమని కోర్టు అడిగిందట. ఆసుపత్రిలో మలయాళీ సిస్టర్లు కావలసినంతమంది. తెలుగుదాన్ని నేనొక్కదాన్నే. నాకు బదులు ఇంకెవరినైనా పంపకూడదా అన్నాను.

"సిస్టర్, నా దగ్గర చాలా స్టాంపులున్నాయి. కోర్టుకు 'నో' చెప్పే స్టాంపు లేదు" అన్నాడు ముదీర్.

కేసు ఇది. రామణమ్మ అనే ఆమె, రాయచోటి దగ్గరి మనిషి, నిజ్వాలో ఒక ఒమానీ ఇంట్లో వంటపని చేస్తోంది. పక్కింటి డ్రైవరును తల మీద కొట్టింది. అతనికి కుట్లు పడ్డాయి. ఆ కుట్లు వేసింది మా క్యాజువాల్టీలోనే. నేనప్పుడు డ్యూటీలో ఉండి ఉంటే నన్ను సాక్షిగా పిలిచేవారు, దుబాసీగా పనికిరాకపోయేదాన్ని. ఆ అదృష్టం నాకు లేదు.

పోలీసులు ఆమె వాంగ్మూలం తీసుకున్నప్పుడు హిందీ, అరబ్బీ రెండూ వచ్చిన ఒక కిరాణా కొట్టాయన్ని కూర్చోబెట్టారు. రామణమ్మకు వచ్చింది వంటింటి హిందీ. హిందీలో 'మారా' అంటే కొట్టాను. 'మార్ డాలా' అంటే చంపేశాను. ఆమె రెండోది అంది. చచ్చినవాడు ఎదురుగా తలకు కట్టుతో కూర్చుని ఉన్నాడు కాబట్టి, కొట్టాయన దాన్ని కాస్త సర్ది 'చంపబోయాను' అని రాయించాడు. దాంతో చిన్న కొట్లాట కాస్తా హత్యాయత్నమై కూర్చుంది.

ఇక నా సంగతి. మాకు వేసవి సెలవులు జనవరిలో చీట్లు వేసి పంచేవారు. ఎవరికి ఏ తేదీలు వస్తే అవే. ఒకరు తిరిగొచ్చి డ్యూటీలో చేరితేగాని తరవాతివాళ్ళు కదలకూడదు. ఆ ఏడు నాకు మంచి చీటీ వచ్చింది. మా ఆయన అక్కడే ఒక కంపెనీలో అకౌంటెంటు. తెనాలిలో పుట్టి, నిజ్వాలో ఉద్యోగం చేస్తూ, చల్లదనం అంటే ఫ్రిజ్ తలుపు అనుకునే మనిషి. ఈసారి చుట్టాల ఇళ్ళ చుట్టూ తిరగకుండా డార్జిలింగు పోదామని ఆయనే తలపెట్టాడు. బొంబాయికి విమానం, అక్కడినుంచి రైళ్ళు, కొండమీద హోటలు, అన్నీ బుక్ చేశాడు. పిల్లలకు స్వెట్టర్లు కూడా కొన్నాడు. ఒమాన్ ఎండలో స్వెట్టర్లు ఎక్కడ దొరికాయో నాకు ఇప్పటికీ తెలియదు.

మొదటి వాయిదా మా ప్రయాణానికి బాగా ముందే ఉంది. ఒక పూట పోతుంది, అంతేగా అనుకుని వెళ్ళాను. వరండాలో బెంచీ మీద, పక్కన ఒక మహిళా పోలీసుతో, బక్కపలచని ఆడమనిషి కూర్చుని ఉంది. నేను తెలుగులో పలకరించగానే లేచి నిలబడింది.

"నువ్వు తెలుగామెవా? అమా, ఇన్ని దినాలకు మన మాట ఇనపడతాండాది" అంది. వెంటనే గొంతు తగ్గించి, "పోలీసుల కాడ నేను అంతా చెప్పలేదమా. ఆ అంగడాయప్ప డ్రైవరుకు దోస్తు. ఆయప్ప ముందర ఎట్ల చెప్పేది, వాడు వంటింట్లోకొచ్చి నా చెయ్యి పట్టి గుంజినాడని?" అంది.

నేనామెను ఆపాను. దుబాసీ కేసు విషయం బయట మాట్లాడకూడదని కోర్టు గుమాస్తా నాకు ముందే చెప్పాడు. ఏం చెప్పినా జడ్జి ముందు చెప్పమన్నాను. "చెప్తా. నువ్వుంటావు కదా?" అంది. ఉంటానన్నాను. ఎక్కడికి పోతాననుకున్నాను.

ఆ రోజు డ్రైవరు రాలేదు. తలనొప్పి అని కబురు పంపాడు. జడ్జి కేసు వాయిదా వేశాడు. గుమాస్తా కొత్త తేదీ చదివాడు. సరిగ్గా మేము తెల్లవారుజామున సీబ్ విమానాశ్రయంలో బొంబాయి విమానం ఎక్కవలసిన రోజు.

లేచి నిలబడి నా ఇబ్బంది చెప్పుకున్నాను. జడ్జి సూడాన్ దేశస్థుడు, పెద్దవాడు, మంచి ఇంగ్లీషు మాట్లాడేవాడు. ఇంకొంచెం ముందు తేదీ ఇవ్వమన్నాను. ఖాళీ లేదన్నాడు. అయితే నేను తిరిగి వచ్చాక వినవచ్చు, తనకేమీ అభ్యంతరం లేదన్నాడు. హాయిగా ఊపిరి పీల్చుకోబోయి రామణమ్మ సంగతి అడిగాను. ఆరోపణ పెద్దది కాబట్టి అప్పటిదాకా ఆమె లోపలే ఉంటుంది అన్నాడు, బస్సు ఆలస్యంగా వస్తుందని చెప్పినంత మామూలుగా.

ఇంటికొచ్చి చెబితే మా ఆయన అన్నం ముందునుంచి లేచిపోయాడు.

"ఊళ్ళో నువ్వొక్కదానివేనా తెలుగొచ్చినదానివి? ఆ స్కూలు మాస్టారు లేడూ? బిల్డింగు సైటుల్లో వందలమంది మనవాళ్ళు లేరూ?"

"సైటుల్లో వాళ్ళకి ఇంగ్లీషు రాదండీ."

"మాస్టారుకొచ్చుగా!"

మాస్టారి దగ్గరికి నేనూ వెళ్ళాను, దాచడమెందుకు. ఆయన కథ అంతా ఆసక్తిగా విన్నాడు, రెండోసారి కాఫీ కూడా పోయించాడు. చివరికి మాత్రం, "కోర్టంటే నాకు చిన్నప్పట్నుంచీ పడదమ్మా" అన్నాడు. ఎవరికి పడుతుంది కనుక! ఆయన సరేనన్నా ఉపయోగం ఉండేదో లేదో. కొట్టాయన ముందు నోరు విప్పనిది మాస్టారి ముందు విప్పుతుందన్న నమ్మకం నాకు లేదు.

నా ప్రయాణం వెనక్కి జరుపుకొందామంటే చీటీల పద్ధతి అడ్డం. నా తరవాత సెలవు మేరీ సిస్టర్‌ది. ఆమె కూడా టిక్కెట్లు కొనేసింది. అంటే ఎన్ని రోజులు ఆగితే అన్ని రోజులూ నా సెలవులోంచే పోతాయి. మిత్రులు మరో సలహా ఇచ్చారు. ఊరికే విమానం ఎక్కేయ్, నువ్వు ముద్దాయివా, నిన్నెవరు పట్టుకుంటారు అన్నారు. నిజమే. నన్నెవరూ పట్టుకోరు. పట్టుబడి ఉన్నది రామణమ్మ.

మూడోనాడు నేనే చెప్పాను, మీరూ పిల్లలూ ముందు వెళ్ళండి, దొరికిన విమానంలో నేను వస్తాను అని. ఆయన స్వెట్టర్ల మూట వైపు చూసి, "ఆవిడెవరో నీకు మేనత్త కూతురు కూడా కాదు" అన్నాడు. కాదన్నాను. "సరే, నీ ఇష్టం" అన్నాడు. మా ఇంట్లో ఆ మాటకు ఒప్పుకున్నానని అర్థం, క్షమించానని కాదు.

వాయిదా నాటి ఉదయం వాళ్ళ విమానం వెళ్ళిపోయాక నేను కోర్టుకు వెళ్ళాను. డ్రైవరు ఈసారి వచ్చాడు. తలకట్టు ఎప్పుడో తీసేయవలసినది, ఇంకా ఉంది, అదీ కొత్తది. మా ఆసుపత్రిలో కట్టిన కట్టు కాదని చూడగానే తెలిసింది. అది చెప్పడం నా పని కాదు కాబట్టి నోరు మూసుకున్నాను.

దుబాసీ చేత ముందు ప్రమాణం చేయిస్తారు. ఆమె చెప్పినదే చెబుతాను, కలపను, తీయను అని. వినడానికి చాలా తేలిక. తరవాత ప్రశ్నలు మొదలయ్యాయి.

కొట్టావా అని అడిగాడు జడ్జి.

"కొట్నా. కొట్లేదని నేనెప్పుడు చెప్పినా? గెంటెతో కొట్నా" అంది రామణమ్మ. గెంటె అంటే మా వైపు గరిటె. ఎందుకు కొట్టావంటే, వరండాలో నాతో అన్న మాట ఇప్పుడు గట్టిగా అంది. "ఇడువమంటే ఇడువలా. గెంటె పొయ్యి మీదుండె, అదే చేతికొచ్చె."

జడ్జి అరబ్బీలో రాయించుకుంటూ తల ఎత్తకుండానే, చంపాలనే ఉద్దేశంతో కొట్టావా అన్నాడు. నేను తెలుగులో అడిగాను. రామణమ్మ నావైపు, నేనే ఆ మాట అన్నట్టు కోపంగా చూసింది.

"సంపాలనుకుంటే గెంటెతో కొడ్తానా? పక్కనే కాపీ గింజలు దంచే ఇత్తడి రోకలి ఉండె. దాన్ని తీసుకోనా?"

ఇంతకన్నా మంచి ఆయుధం నా చేతికి అందేంత దూరంలో ఉందని హత్యాయత్నం కేసులో ఏ ముద్దాయైనా అంటుందా? రోకలి ముక్క మింగేసి, 'లేదు' అని ఒక్క మాట చెబితే సరిపోతుంది. ఆమె మేలుకోరే ఎవరైనా అలాగే చేస్తారు. కాని కొట్టాయన కూడా ఆమెకు మేలు చేస్తున్నాననుకునే సర్ది రాయించి ఉంటాడేమో, ఎవరికి తెలుసు? ఆమె అన్నది అన్నట్టు, రోకలితో సహా, ఇంగ్లీషులో చెప్పేశాను.

జడ్జి కలం ఆగింది. డ్రైవరు వైపు తిరిగి, వంటింట్లో రోకలి ఉందా అని అరబ్బీలో అడిగాడు; ఆ మాటలు గుమాస్తా నాకు ఇంగ్లీషులో చెబుతూ వచ్చాడు. ఉందన్నాడు డ్రైవరు. ఎక్కడ ఉంది? పొయ్యి పక్కనే. అది నీకెలా తెలుసు, పెరటి గుమ్మం బయటే నిలబడి ఉన్నానని పోలీసులకు చెప్పావు కదా, అన్నాడు జడ్జి. డ్రైవరు తలకట్టు సర్దుకున్నాడు.

అయినా అతను అంత తేలిగ్గా వదల్లేదు. కొట్టేముందు ఆమె తనను చంపుతానని బెదిరించిందనీ, ఆ భాష తనకు రాకపోయినా ముఖం చూసి తెలుసుకున్నాననీ అన్నాడు. ఏమన్నావని రామణమ్మను అడిగారు.

"నీ పాడె గట్టా అని అన్నా" అంది, ఏమాత్రం తడుముకోకుండా.

'నీ పాడె కట్టుదురుగాక' అని నేను ఉన్నదున్నట్టు ఇంగ్లీషులో చెప్పాను. పాడె ఏమిటన్నాడు. శవాన్ని మోసే వెదుళ్ళ కట్టు అన్నాను. గదిలో గాలి మారింది. ఇది బెదిరింపేనా అని జడ్జి నన్నే సూటిగా అడిగాడు.

"అయ్యా, నా ప్రమాణం ఆమె మాటల వరకే. వాటి అర్థం నన్ను అడుగుతున్నట్టయితే, అది నా సొంత మాటగా వేరే రాయించుకోండి" అన్నాను. గొంతు గట్టిగానే వచ్చింది. ఇరవైమంది రోగుల మధ్య అరిచే ఉద్యోగం మరి.

చెప్పమన్నాడు. మా దేశంలో పాలు ఒలకబోసిన పిల్లవాణ్ణి తల్లి ఆ మాటే అంటుంది, ఆ వెంటనే వాడికి అన్నం కూడా పెడుతుంది అన్నాను.

జడ్జి కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "మా అమ్మ రోజూ నన్ను 'దేవుడు నిన్ను తీసుకుపోనూ' అని తిట్టేది. దేవుడికి తీరిక దొరకలేదు. నేను జడ్జినయ్యాను" అన్నాడు.

గుమాస్తా నవ్వు ఆపుకోలేక దగ్గాడు. అది రికార్డులోకి ఎక్కినట్టు లేదు.

హత్యాయత్నం ఆరోపణ ఆరోజే కొట్టేశారు. తనను కాపాడుకోవడానికి కొట్టిందని చెప్పి రామణమ్మను వదిలేశారు. డ్రైవరును ఇంకా కొన్ని ప్రశ్నలు అడగాలని ఒక పోలీసాయన మర్యాదగా పక్కకు తీసుకెళ్ళాడు.

బయట ఆమె యజమానురాలు, చంకన చంటిపిల్లతో, ఎదురుచూస్తోంది. ఇంటికి పద అంది. రామణమ్మ కదల్లేదు.

"వంటింటి తలుపుకు లోపల గడె పెట్టిస్తేనే వస్తానని చెప్పమా."

నాకు వచ్చిన అరబ్బీ అంతా వార్డు అరబ్బీ. నొప్పి ఎక్కడ, ఎప్పటినుంచి, నోరు తెరువు. గడియకు మాట తెలియదు. తలుపు అన్నాను, లోపల అన్నాను, గాలిలో గడియ వేసి చూపించాను. ఆమెకు అర్థమైంది. ఈ రోజే పెట్టిస్తానంది. అప్పుడు గాని రామణమ్మ చంటిదాన్ని ఎత్తుకోలేదు. పోతూ పోతూ వెనక్కి తిరిగి, "నీ సెలవు పాడు జేసినానంట గదా, పోలీసామె చెప్పె" అంది. పరవాలేదన్నాను. "పరవాలేదంటావే గాని మొగము అట్ల లేదే" అంది. నిజమే.

వేసవి రద్దీలో నాకు సీటు దొరికేసరికి డార్జిలింగు అయిపోయింది. నేను తెనాలిలో దిగేసరికి తండ్రీపిల్లలు ముగ్గురూ జలుబుతో తుమ్ముతూ ఉన్నారు. ఉన్నన్ని రోజులూ పొగమంచేనట, ఎదురింటి గోడ తప్ప ఏ కొండా కనిపించలేదట. "ఆవిడ్ని నువ్వు రక్షించావు, బాగానే ఉంది. మమ్మల్ని ఆ చలి నుంచి ఎవరూ రక్షించలేదు" అన్నాడు మా ఆయన. క్షమించాడని అప్పుడు తెలిసింది.

సెలవు ముగిసి డ్యూటీలో చేరాక నా పని పద్ధతిలో ఒక మార్పు చేసుకున్నాను. సైటుల నుంచి వచ్చే రోగుల వెంట ఎప్పుడూ ఒక ఫోర్‌మనో, రూమ్ మేటో ఉంటాడు. రోగి పది మాటలు చెబితే అతను ఒక్క మాటలో తేలుస్తాడు: "కడుపునొప్పి సిస్టర్." చాలావరకు మంచి ఉద్దేశంతోనే. అంతకుముందు మేము ఆ ఒక్క మాటనే కేస్ షీట్‌లో రాసుకునేవాళ్ళం. తరవాత నుంచి వెంట వచ్చినవాణ్ణి తలుపు బయట నిలబెట్టి, రోగి అన్న మాటను ముందు అన్నట్టే రాయించాను. మాకు అర్థమైనది దాని కింద, వేరే వరుసలో. ఒక్కొక్క రోగికి కొన్ని నిమిషాలు ఎక్కువ పట్టేది. డాక్టర్లు విసుక్కున్నారు. ఆ విసుగు ఎలాగూ ఇన్‌చార్జి దగ్గర ఆగవలసిందే కాబట్టి, రిటైరయ్యేదాకా అలాగే చేశాను.