లేడీస్ టాయిలెట్ వాడుకలో ఉన్నది

ముందు టీ తాగెయ్యండి, తర్వాత నవ్వండి. తాగుతూ నవ్వితే ముక్కులోంచి వస్తుంది, ముందే చెప్తున్నా. మొన్నామధ్య అసెంబ్లీ కమిటీ మా ఆఫీసుకి వచ్చింది కదా, ఆ కమిటీ మొత్తాన్నీ బయట నిలబెట్టి నేను లోపల గడియ వేసుకుని కూర్చున్నా. ఎక్కడ లోపల అంటారా? అక్కడికే వస్తున్నా.

మాది మండల పరిషత్ ఆఫీసు. పలాస నుంచి సముద్రం వైపు వెళ్ళే బస్సెక్కితే వస్తుంది. ఏ మండలమో మాత్రం అడక్కండి, నాకింకా సర్వీసుంది. ఆడవాళ్ళం ఇద్దరమే, జూనియర్ అసిస్టెంటుగా నేను, టైపిస్టుగా రూతక్క. మాకోసమని వెనక వరండాలో ఒక టాయిలెట్ కట్టారు. కట్టిన రోజునుంచీ దానికి తాళమే. లోపల సిమెంటు బస్తాలు, విరిగిన కుర్చీలు, పాత బ్యాలెట్ పెట్టెలు. తాళం చెవి సూపరింటెండెంట్ గారి కుర్చీ వెనక మేకుకి వేలాడుతుంటుంది. ఎప్పుడడిగినా ఆయనది ఒకటే మాట.

"సామాన్లున్నాయమ్మా. ఎక్కడెట్టమంటావు, నా నెత్తి మీదా?"

మరి మేమేం చేసేవాళ్ళం? నీళ్ళు తాగేవాళ్ళం కాదు. పొద్దున్న ఇంటి దగ్గర ఒక గుక్క, మళ్ళీ సాయంత్రం బస్సు దిగాకే. ఎండాకాలమైనా అంతే.

ఇంకో ఊళ్ళో అయితే ఏదో ఇబ్బందిలే అని సర్దుకుపోయేదాన్నేమో. ఇది ఉద్దానం. మా వైపు ఏ వీధిలోకెళ్ళినా కిడ్నీల జబ్బు మనిషి ఒకరు కనిపిస్తారు. రూతక్క వాళ్ళ అన్నయ్యే వజ్రపుకొత్తూరు నుంచి విశాఖపట్నానికి డయాలసిస్‌కి తిరుగుతున్నాడు. పోయిన ఎండల్లో అక్క రక్తపరీక్ష చేయించుకుంటే టెక్కలి డాక్టరు గారు కాగితం చూసి, ఇప్పటికి భయం లేదు గానీ నీళ్ళు బాగా తాగాలమ్మా అన్నారట. ఆ మాట నాకు చెప్తూ అక్క నవ్వింది. నాకు నవ్వు రాలేదు. భయమేసింది, ఆ వెనకే ఒళ్ళు మండింది. ఆ తలుపు తీయించకపోతే నా పేరు మార్చుకుంటా అని ఆ రోజే అనుకున్నా.

సమాచార హక్కు చట్టం కొత్తగా వచ్చింది కదా. మా ఆయన చేత దరఖాస్తు పెట్టించా. ఆఫీసులో ఆడ సిబ్బందికి టాయిలెట్ ఉందా, దానికి ఎంత ఖర్చయింది, దాన్ని వాడుతున్నారా అని. సూపరింటెండెంట్ గారు చట్టం ఇచ్చిన ముప్పై రోజుల గడువూ నిండేదాకా ఆగి అప్పుడు జవాబు పంపారు. నిధులు పూర్తిగా ఖర్చు చేయబడినవట. లేడీస్ టాయిలెట్ వాడుకలో ఉన్నదట. అది టైపు చేసింది ఎవరనుకున్నారు? రూతక్కే. నాలుక పిడచకట్టుకుపోతుంటే, కూర్చుని, కార్బన్ పెట్టి మరీ కొట్టింది.

అంతలో కబురు. అసెంబ్లీ కమిటీ వస్తోంది, మండలాల్లో నిధులు ఎలా ఖర్చు పెట్టారో, సిబ్బందికి ఏం వసతులున్నాయో చూస్తుందని. ఇంక నేను నిశ్చయించేసుకున్నా. కమిటీ ముందే ఆ తాళం తీయాలి, ఆ సిమెంటు బస్తాలు వాళ్ళకి చూపించాలి. ఆ రోజుకోసమని బీరువాలోంచి పొందూరు చీర తీసి కట్టుకున్నా. రూతక్క మాత్రం వద్దనే అంది.

"మనకెందుకే ఈ గొడవ. ఆయన మనసులో ఎట్టుకుంటాడు."

ఎట్టుకోనీ అక్కా, అన్నా.

కమిటీ వచ్చింది. అందులో ఒక మేడం కూడా ఉన్నారు. చైర్మన్ గారు పెద్దాయన, కళ్ళద్దాలు ముక్కు చివరికి జార్చుకుని ప్రతి కాగితమూ చదివే రకం. సూపరింటెండెంట్ గారు వసతులన్నీ వరసగా చదువుకుంటూ వచ్చి, లేడీస్ టాయిలెట్ వాడుకలో ఉన్నది అనగానే నేను లేచి నిలబడ్డా. లేదండీ, రండి చూపిస్తా, అని మేకుకున్న తాళం చెవి లాక్కుని నడిచా. నా వెనక కమిటీ, కమిటీ వెనక సూపరింటెండెంట్ గారు, తాపీగా. ఆ తాపీ చూసైనా నాకు అనుమానం రావద్దూ?

తాళం తీశా. తలుపు తోశా. చూడండి సార్, అని చెయ్యి చూపించా.

లోపల మల్లెపువ్వులా ఉంది. గోడలకి సున్నం కొట్టారు. కొత్త బకెట్, కొత్త మగ్గు, గుప్పుమని బ్లీచింగ్ వాసన. తలుపుకీ గడియకీ పచ్చరంగు పూశారు. సిమెంటు బస్తా కాదు కదా, చిటికెడు సిమెంటు కూడా లేదు. ముందురోజు ఆదివారం, మేం లేనప్పుడు పని కానిచ్చేశారన్నమాట. మేడం నా వంక అదోలా చూశారు. చైర్మన్ గారు కళ్ళద్దాలు పైకి తోసుకుని, బాగానే ఉంది కదమ్మా, అన్నారు.

అక్కడితో ఆగితే నేను నేనెలా అవుతా? ఇదంతా పైపై మెరుగు సార్, ఒక్కనాడూ వెయ్యని ఈ గడియ పడనే పడదు, కావాలంటే చూడండి, అని లోపలికెళ్ళి తలుపు మూసి, ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి గడియ నెట్టా.

పడింది.

పడింది కానీ మళ్ళీ రాలేదు. పచ్చి రంగుకి అతుక్కుపోయింది. లాగా, గుద్దా, చెప్పు తీసి కొట్టా. ఊహూఁ. అప్పుడు బయటనుంచి వినిపించింది సూపరింటెండెంట్ గారి గొంతు.

"సూసేరా సార్. వాడుకలో ఉన్నది."

అందరూ నవ్వారు. రూతక్క కూడా నవ్విందని నా అనుమానం. తలుపు తీయించండి సార్ అని అరిచా. దానికి ఆయన, అదే గొంతుతో, ఏ తొందరా లేకుండా,

"అర్జీ ఎట్టుకోమ్మా. ముప్పై రోజుల్లో తీత్తాం."

ఏడుపొచ్చేసింది. అది ఆపుకుందామని పైకి చూశా. అటక మీద అట్టపెట్టె. బకెట్ బోర్లించి ఎక్కి చూద్దును కదా, జీడిపప్పు ప్యాకెట్లు. ఒక్కోదానికీ ఒక్కో చీటీ. మా పలాస వైపు పెద్దవాళ్ళెవరొచ్చినా చేతిలో జీడిపప్పు పెట్టకుండా పంపరు, అది మామూలే. ఆఫీసు మొత్తానికీ ఎవరూ తెరవని గది ఇదొక్కటే కదా, భద్రంగా ఉంటాయని ఇక్కడ దాచారు. తలుపు మీద వెంటిలేటర్ ఉంది. దానికి నోరు ఆనించి, గొంతు సవరించుకుని, చీటీలు చదవడం మొదలెట్టా. చైర్మన్ గారికి రెండు కేజీలు. మేడం గారికి ఒక కేజీ.

బయట నవ్వులు ఆగిపోయాయి.

"ఆయనకి రెండూ, నాకు ఒకటీనా?" అన్నారు మేడం.

చైర్మన్ గారు మెల్లగా అడిగారు, ఇవి ఏ పద్దు కింద కొన్నారయ్యా అని. రెండోసారి అడిగితే గానీ సూపరింటెండెంట్ గారు చెప్పలేదు.

"శానిటేషన్ సార్."

తలుపు పగలగొట్టించారు. నేను బయటికొచ్చేసరికి చేతులు పచ్చ, ముఖం పచ్చ, పొందూరు చీర సగం పచ్చ. రంగు నిన్ననే వేశారనడానికి వేరే సాక్ష్యం అక్కర్లేకపోయింది. చైర్మన్ గారు ఈసారి నవ్వలేదు. రూతక్కని పిలిచి, నిజం చెప్పమ్మా, ఏం చేసేవారు మీరు, అని అడిగారు. అక్క సూపరింటెండెంట్ గారి వంక చూసింది, నా చీర వంక చూసింది.

"నీళ్ళు తాగడం మానీసినాం బాబూ," అంది. అంతే అంది.

ఆ మాటకి ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. తర్వాత పనులన్నీ ఎంత వేగంగా జరిగాయో చెప్పలేను. ప్యాకెట్లు దుకాణానికి వాపసు వెళ్ళాయి. వారం తిరక్కుండా కొత్త తలుపు, కుళాయి, కుళాయిలో నీళ్ళు. తాళం మాత్రం లేదు. రూతక్క టేబుల్ మీద ఇప్పుడు పెద్ద నీళ్ళ సీసా ఉంటుంది, మధ్యాహ్నం భోజనాల వేళకి ఖాళీ చేసేస్తుంది. అది చూస్తే చాలు, నాకు కడుపు నిండిపోతుంది. చీర పోయిందన్న బాధే లేదు.

ఎటొచ్చీ నా సంగతే. ఇంత పట్టుబట్టి సాధించుకున్న గదిలో గడియ వేసుకోవడానికి నాకు ధైర్యం చాలటం లేదు. చెయ్యి గడియ దాకా వెళ్తుంది, వెనక్కొచ్చేస్తుంది. అందుకని తలుపు దగ్గరగా వేసి, లోపల ఉన్నంతసేపూ దగ్గుతూ కూర్చుంటా. నా దగ్గు వినబడిందా, సూపరింటెండెంట్ గారు కుర్చీలోంచి కదలకుండా, తలెత్తకుండా, ఆఫీసంతటికీ వినిపించేలా చెప్తారు.

"వాడుకలో ఉన్నది."