చెవిలో గండి, చంకలో పాప

ఆ రోజు మా అత్తగారు నా భార్య శారద ఎడమ చెవిలో వెల్లుల్లి నూనె పోసి, అది లోపలికి దిగాలని చెవిని వేలితో నొక్కింది. శారద కూర్చున్నచోటే పక్కకు ఒరిగిపోయింది. ఒళ్లోని తొమ్మిది నెలల పాప జారి చాప మీద పడింది. పాపకు దెబ్బ తగల్లేదు, తల్లికి తగిలింది. ఆ పూట నుంచి పిల్లను ఎత్తుకోలేదు.

"మీరే ఎత్తుకోండి. నేను పడేస్తా" అనేది.

ఆమెకు చిన్నప్పటినుంచీ ఆ చెవి కారేది. ఆళ్లగడ్డలో మా ఇళ్లలో దానికి నూనే మందు. నంద్యాలలో బీకాం చదివిన నేను చేసిన వైద్యసేవ, ఆమె తల కదలకుండా పట్టుకోవడం.

తూలడం ఎక్కువయ్యాక నంద్యాల తీసుకుపోయాను. ఈఎన్‌టీ డాక్టరు చెవిని నొక్కగానే ఆమె కళ్లు రెండూ పక్కకు జారాయి.

"ఎన్నాళ్లనుంచి నూనె పోస్తాండారప్పా?"

నేను పైకప్పు చూశాను.

"లోపల ఎముక దెబ్బతిన్నెట్టుండాది. హైదరాబాదు పోయి సీటీ స్కాన్ తీపించు."

అప్పటికి ఆ మాట మా బజారులో ఎవరూ విని ఉండలేదు. హైదరాబాదులో డాక్టరు ఫిల్మును లైటు ముందు పెట్టాడు. "కొలెస్టియటోమా, చెవిలో పెరిగే చర్మపు గడ్డ. మనిషిని తూలకుండా నిలబెట్టే సెమీసర్క్యులర్ కెనాల్ మీది ఎముకను తినేసింది. డిఫెక్ట్ ఇక్కడ." తెల్లటి ఎముకలో సన్నటి నల్లటి సందు. మా వైపు పారే కె.సి. కెనాల్ నీళ్లు తాగేవాణ్ణి, కాలువకు గండి అంటే నాకు విడమరచి చెప్పనక్కర్లేదు.

"ఆపరేషన్ చేసి మూస్తాం. ఆ చెవికి వినికిడి పోవచ్చు."

"పాపను ఎత్తుకోవచ్చునా సార్?" అంది శారద.

"చూద్దామమ్మా."

ఆపరేషన్ తర్వాత వారం రోజులు తల తిరుగుడు రెట్టింపయింది. వినికిడి పోయింది. ఆ సంగతి చెప్పడానికి నేను తడబడుతుంటే ఆమే అంది: "మీ మాటలకు ఒగ చెవి సాల్లే." నేను మంచినీళ్ల కోసమని బయటికి పోయాను.

రెండు నెలలు గోడ పట్టుకుని నడిచింది. ఒక మధ్యాహ్నం ఇంటి ముందున్న మా అంగట్లో కందిపప్పు తూస్తున్నాను. పాపను చంకనేసుకుని లోపలినుంచి వచ్చింది, గోడ పట్టుకోకుండా.

"నన్ను సూస్తాండారేంది, తక్కెడ సూడండి" అంది.

ఆ రోజు ఎవరికో పప్పు ఎక్కువే పోయింది.

ఇప్పుడు పాప బడికి పోతోంది. అమ్మతో మాట్లాడాలంటే కుడిపక్కకు వస్తుంది. ఎవరూ నేర్పలేదు.

మీ ఇంట్లో ఎవరికైనా చెవి కారుతుంటే అందులో ఏమీ పోయకండి, డాక్టరుకు చూపించండి. బిడ్డను ఎత్తుకోవడానికి తల్లి భయపడేదాకా ఆగకండి.