చుబుకం లేని అక్క

మా మేనత్త పోయారు. పోయిన మంగళవారం తానుండే ఊరు నోవైలో కాలేజీకి బయలుదేరుతూ కార్లోనే ఒరిగిపోయారట. ఆవిడ శిష్యురాలు ఫోన్ చేస్తే నేనుండే పార్సిప్పనీ నుంచి వెళ్ళాను.

అత్తయ్య పుట్టుకతోనే మరుగుజ్జు. నాలుగడుగులు కూడా లేరు. కారు పెడల్స్‌కి దిమ్మలు బిగించుకుని ఎంత మంచులోనైనా తనే డ్రైవ్ చేసేవారు. కాలేజీలో ఎముకల శాస్త్రం చెప్పేవారు. ఇంటికెళితే ముందు మన మణికట్టు తడిమి చూసి, తర్వాతే కాఫీ ఇచ్చేవారు. "ఎముకకు మొహమాటం లేదే. ఉన్నదే చెబుతుంది" అనేవారు. విన్నదాన్ని నమ్మే ముందు ఒకసారి చూసుకోవాలని నాకు నేర్పింది ఆవిడే.

నేను హైస్కూల్లో ఉండగా నన్నొక సభకు తీసుకెళ్ళారు. ఇండోనేషియాలోని ఫ్లోరెస్ దీవిలో, ఓ గుహలో, మీటరు ఎత్తున్న ఆడమనిషి ఎముకలు దొరికాయి. ఎప్పుడో అంతరించిన మరో మానవజాతి అని కొందరు, జబ్బుతో ఎదగని మామూలు మనిషేనని కొందరు వాదించుకుంటున్న రోజులు. జబ్బే అంటున్న పెద్ద ప్రొఫెసర్ అత్తయ్య కాలేజీ ఆయనే. ప్రసంగం మధ్యలో, గోడ పక్కనున్న అత్తయ్య వైపు చెయ్యి చాపి, అందరికీ కనిపించేలా ఒకసారి నిలబడమన్నారు.

"నిలబడే ఉన్నాను" అన్నారు అత్తయ్య.

హాలంతా నవ్వింది.

నవ్వులు ఆగాక ఆవిడ ముందుకు నడిచారు. బల్ల అందదు కనుక ఆయన్నే అడిగి ఆ గుహ మనిషి దవడ నమూనా తీసుకుని, తన ముఖం పక్కన పెట్టుకున్నారు.

"నాకు చుబుకం ఉంది. ఈమెకు లేదు. చుబుకం మన జాతికే ఉంటుంది. జబ్బు నా పొడుగు తగ్గించింది. నన్ను వేరే జాతిని చెయ్యలేదు."

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. తిరిగొచ్చేటప్పుడు ఆవిడ నన్ను సీట్ బెల్ట్ పెట్టుకోమని కారు తీశారు.

ఆ తర్వాత ఎవరో ఆవిడ ఫొటో, ఆ దీవి మనిషి బొమ్మ పక్కపక్కన పెట్టి, కింద 'అక్కాచెల్లెళ్ళు' అని రాసి కాలేజీలో ఆవిడ గది తలుపుకు అంటించారు. ఆవిడ చెయ్యి అందనంత ఎత్తులో. నేను పీకేస్తానంటే వద్దన్నారు.

"ఆమె నాకు అక్కవడం నామోషీ కాదే. వీళ్ళు అన్నదమ్ములవడమే కష్టంగా ఉంది."

ఆ ఎముకలు వేరే జాతివేనని తర్వాత చాలామంది ఒప్పుకున్నారు. ఆ ప్రొఫెసరూ ఒప్పుకున్నారు. ఇప్పుడు ఆయన పాఠంలో ముందు చెప్పేది చుబుకం మాటే. అది ఎవరన్నారో మాత్రం చెప్పరు.

అంత్యక్రియల చోట మమ్మల్ని అడక్కుండానే పిల్లల శవపేటిక సిద్ధం చేశారు. లోపల గులాబీరంగు గుడ్డ, దాని మీద కుందేళ్ళు. సరిగ్గా సరిపోతుందని అక్కడి మనిషి ఎంతో దయగా చెప్పాడు.

"ఆవిడకు అరవై నాలుగేళ్ళు" అన్నాను.

పెద్దవాళ్ళ పెట్టె తెప్పించాం. అందులో అత్తయ్య పాదాల తర్వాత చాలా మేర తెల్లటి గుడ్డ ఖాళీగా మిగిలింది. చివరిచూపుకు వచ్చినవాళ్ళు ఒక్కొక్కరే వంగి, ఆవిడ ముఖం వదిలేసి, ఆ ఖాళీనే చూస్తూ వెళ్ళారు.