బలపం ముక్క

జర్మనీలోని ఆకెన్ నుంచి కాలినడకన పోతుంటే, ఊరి బయట తవ్వకాల దగ్గర మాస్కు పెట్టుకున్న ఒక అమ్మాయి నన్ను ఆపింది. నా చంకలోని పుస్తకం మీద తెలుగు అక్షరాలు చూసినట్టుంది.

"చాచా, జేబుల ఏం ఏసుకున్నరు?"

"బలపం ముక్కమ్మా, దారిలో దొరికింది. చిన్నప్పుడు వీటితో రాసినదానికన్నా కొరికి తిన్నదే ఎక్కువ."

"బలపానికి నడుమ బొక్కుంటదా?"

తీసి చూశాను. ఉంది.

ఆ అమ్మాయి పేరు వహీదా, ఊరు మలక్‌పేట. ఇంజనీరింగ్ చదవడానికి వచ్చింది. కరోనాతో క్లాసులన్నీ లాప్‌టాప్‌లోకి చేరాక, రోజూ ఇక్కడ జీతం లేకుండా కాపలా కాస్తోంది. మూడు వందల ఏళ్ల కిందట ఇక్కడ పొగాకు తాగే మట్టి పైపుల కార్ఖానా ఉండేదట. విరిగిన పైపు ముక్కలు ఎక్కడ దట్టంగా దొరికితే అక్కడే వాటిని కాల్చిన బట్టీ. సోమవారంలోగా బట్టీ చోటు తేలకపోతే అంతా పూడ్చి పార్కింగ్ కడతారు. ముక్కలేమో రోజూ మాయమవుతున్నాయి.

"మిమ్మల్ని ఎవరు పంపిన్రు? పార్కింగోళ్లా?"

"నలభై ఏళ్లుగా ఎవరూ పంపకుండానే తిరుగుతున్నానమ్మా."

నమ్మలేదు. నాకూ ఆమె మీద అనుమానమే. కాపలావాళ్లే దొంగలైన కథలు బోలెడు చదివాను.

ముక్కను రాయి మీద పెట్టి, రెండు మీటర్లు వెనక్కి జరిగాను.

"ఏడ దొరికింది? కరెక్టుగ చెప్పుండ్రి."

వాగు దగ్గర అన్నాను. కాదు, కంచె దగ్గరేమో అన్నాను.

ఆమె ముక్కను సంచిలో వేసి, చీటీ మీద తేదీ రాసింది. దొరికిన చోటు రాయాల్సిన గడి దగ్గర పెన్ను ఆగింది. నా వంక ఒకసారి చూసి, ఆ గడిని ఖాళీగానే వదిలేసి, కంచె వైపు నడిచి వెళ్లిపోయింది.