మీ మేలు మరిచిపోను

కరోనా తగ్గి కాలేజీలు తెరుచుకున్న ఏడాది మేడ్చల్‌లోని ఒక జూనియర్ కాలేజీకి చరిత్ర లెక్చరర్‌గా నాకు బదిలీ అయింది. మచ్చ బొల్లారం నుంచి బస్సులో వెళ్లేదాన్ని. చిన్నప్పుడు నేను బడికి పోలేదు. నాన్నగారి దగ్గర ఇంట్లోనే చదువుకుని, ప్రైవేటుగా పరీక్షలు రాసి ఆ ఉద్యోగం దాకా వచ్చాను. అందుకే పొద్దున దీపం పెట్టగానే దేవుడికి కృతజ్ఞతలు చెప్పుకోవడం అలవాటు. ఆ అలవాటును పాఠంలోకీ తెచ్చాను.

ఆధార పరిశీలన అని మాకో పద్ధతి ఉంది. పాత ఉత్తరం చేతికొస్తే ఎవరు, ఎవరికి, ఏ పరిస్థితిలో రాశారని ముందు అడగాలి. అందుకు ఉదాహరణగా ట్యూడర్ రాజుల కాలం నాటి ఒక ఇంగ్లండు బాలిక ఉత్తరం చెప్పాను. గొప్పింటి పిల్ల. రాజుకిచ్చి పెళ్లి చేయిస్తానని తల్లిదండ్రులకు ఆశపెట్టి ఒక పెద్దమనిషి ఆమెను తన ఇంట్లో ఉంచుకుని సంరక్షకుడయ్యాడు. మీరు నాకు తండ్రిలాంటివారని ఆమె అతనికి రాసిన ఉత్తరం ఇప్పటికీ మిగిలి ఉంది. ఎంత వినయమో చూడండి అన్నాను.

వెనక బెంచీలోంచి మౌనిక అంది: "గా పిల్ల ఇంకేం రాస్తది మేడం? ఆయనింట్లనే తినాలె గద."

క్లాసంతా నవ్వింది. మౌనికది శామీర్‌పేట. తల్లిదండ్రులు లేరు, చిన్నాయిన ఇంట్లో ఉంటుంది. కృతజ్ఞత లేని మాటని మందలించి, పెంచినవాళ్లకు అందరూ ఉత్తరం రాయాలన్నాను. మౌనిక ఉత్తరమే అన్నిటికన్నా బాగుంది. పేరెంట్స్ మీటింగులో చిన్నాయిన ఎదుటే చదివాను. 'మీరేం చెప్పినా వింటాను, మీ మేలు మరిచిపోను' అన్న ఆఖరి మాటలకు నాకే కళ్లు చెమర్చాయి.

దసరా సెలవుల తర్వాత చిన్నాయిన మౌనికను వెంటబెట్టుకుని టీసీ కోసం వచ్చాడు. ఆమెకు కొంపల్లిలో ఒక విల్లాలో పసిపాపను చూసుకునే పని దొరికింది, అక్కడే ఉండాలట. ఇంటర్ పూర్తి కానివ్వమని అడిగాను. ఆయన కోప్పడలేదు.

"నేనేం జెప్పినా ఇంటనని రాసింది గద మేడం. మీరే అందరి ముందట సదివిండ్రు."

టీసీకి సంరక్షకుడి సంతకం చాలు, పిల్లను అడిగే నిబంధన లేదు. ప్రిన్సిపాల్‌ గదికి వెళ్లి ఆపించమని అడగవచ్చు. నేను వెళ్లలేదు. లైబ్రరీ పుస్తకాలు అప్పజెప్పిందని క్లాస్ ఇన్‌ఛార్జిగా నా సంతకం పెట్టాను.

మౌనిక గేటు దాకా వెళ్లి మళ్లీ వెనక్కి వచ్చింది. "మంచిగ సదువు జెప్పిండ్రు మేడం," అంది తల వంచుకుని. "మీ మేలు మర్సిపోను."

ఆ తర్వాత రిటైరయ్యేదాకా ఏటా ఆ ఇంగ్లండు ఉత్తరం చెప్పాను. వినయం గురించి మాట్లాడటం మానేశాను. రాసిన పిల్ల ఆ పూట ఎవరింట్లో అన్నం తినాలో ముందు చెప్పమని అడిగేదాన్ని.