మా పాతబస్తీ పర్సో

మా ఆయనకు ఉత్తరాదికి బదిలీ అయినప్పుడు ఇంట్లో పెద్ద లొల్లే చేశాను. రోడ్లు వేసే సర్కారు ఆఫీసులో ఆయనది ఉద్యోగం. హిమాచల్ కొండల్లో, బస్సు ఆఖరిగా ఆగే ఊళ్లో మూడేళ్లుండాలట. మొఘల్‌పురాలో పుట్టి, పెళ్లయ్యాక సైదాబాద్ దాకా వెళ్లడమే దేశాంతరం అనుకున్నదాన్ని నేను. చివరికి ఏడేళ్ల బిడ్డను వెంటబెట్టుకుని, నాలుగు కిలోల చింతపండు సంచిలో కుక్కుకుని బయలుదేరక తప్పలేదు.

అక్కడ నాకు ఏదీ ఒక పట్టాన కుదరలేదు. కుక్కర్ పది విజిల్స్ వేసినా కందిపప్పు పలుకుగానే ఉండేది. పెరుగు తోడుకోవాలంటే గిన్నెకు దుప్పటి చుట్టి, పసిపిల్లలా పక్కలో పడుకోబెట్టుకోవాలి. తీగ మీద వేసిన బట్టలు ఆరకపోగా అట్టల్లా బిగుసుకునేవి. కోపమంతా ఆయన మీద చూపించేదాన్ని. "నీకేంది, పొద్దుగాల జీపెక్కి పోతవు. గీ నాలుగు గోడల నడుమ నేనెవరితోని మాట్లాడాలె?" ఆయన తప్పేమీ లేదని నాకు తెలుసు. తెలిసే అనేదాన్ని.

నవంబర్ దాటితే మంచుకు కనుమ దారి మూసుకుపోతుంది. మళ్లీ ఏప్రిల్ దాకా బస్సు లేదు. "ఆఖరి బస్సుకు నేనూ బిడ్డా పోతున్నం" అని తేల్చి చెప్పేశాను. ఆయన "నీ ఇష్టం" అన్నాడు. ఆ రోజు అన్నం సగంలోనే వదిలేసి లేచాడు. ఒకసారి వెళ్తే నేను మళ్లీ రానని ఇద్దరికీ తెలుసు. ఆ మాట మాత్రం ఇద్దరం పైకి అనలేదు.

కింది వాటాలో ఇంటి యజమానురాలు ఉండేది. డెబ్బై దాటిన మనిషి, ఎప్పుడూ కదురు మీద ఉన్ని వడుకుతూ కనిపించేది. నాకు హిందీ బ్రహ్మాండంగా వచ్చనే ధీమాతో ఆమెతో మాట్లాడేదాన్ని. చార్మినార్ దగ్గర గాజుల బేరం చేసిన నోరాయె. అవునుకు నా "హౌ", వద్దుకు నా "నక్కో" వినగానే ఆమె పకపకా నవ్వేది. నాకు ఒళ్లు మండేది.

ఒక మధ్యాహ్నం డాబా మీద ఎండలో కూర్చున్నప్పుడు, మీ అమ్మ ఉందా అని అడిగింది. "నహీఁ అమ్మాజీ, పర్సో గుజర్ గయే" అన్నాను. మొన్న పోయింది అని. అనేసి, బట్టలు తీసుకుని ఇంట్లోకి వచ్చేశాను. అమ్మ సంగతి ఎవరడిగినా అంతే, అక్కడి నుంచి లేచిపోవడం నాకు అలవాటు.

మా పాతబస్తీలో పర్సో అంటే మొన్న ఒక్కటే కాదు. పోయిన వారమూ పర్సోనే, పోయిన ఏడూ పర్సోనే. పదేళ్ల కింద పెళ్లయినవాళ్లు కూడా పర్సోనే పెళ్లయిందంటారు. అమ్మ పోయి అప్పటికి మూడేళ్లు. ఆ కొండల్లో మాత్రం పర్సో అంటే సరిగ్గా రెండు రోజుల కింద.

మర్నాడు పొద్దున తలుపు తీసేసరికి ఆమె ఉంది. ఆమె వెనక ఆరేడుగురు ఆడవాళ్లు. ఒకరి చేతిలో రొట్టెల గంప, ఒకరి చేతిలో చాయ్ ఫ్లాస్కు. ఆమె నేరుగా వంటింట్లోకి వెళ్లి స్టవ్ ఆర్పేసింది. ఇవాళ ఈ ఇంట్లో పొయ్యి వెలగకూడదంది. నన్ను జంపఖానా మీద కూర్చోబెట్టి, చుట్టూ కూర్చున్నారు. ఎవరో నా భుజాల మీద శాలువా కప్పారు. ఏం జరుగుతోందో నాకు అంతుపట్టలేదు. ఆమె నా చెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకుని, "తల్లి పోతే రెండు రోజులు ఎవరికీ చెప్పకుండా ఎలా ఉన్నావు బేటీ?" అంది.

అప్పుడు వెలిగింది. ముందు నవ్వొచ్చింది. అది కాదమ్మా, మూడేళ్లయింది అని చెప్పబోయాను. నోరు తెరిస్తే ఏడుపు వచ్చింది.

అమ్మ కరోనాలో పోయింది. ఎవరినీ దగ్గరికి రానివ్వలేదు. నేను గల్లీ మొదట్లో నిలబడి అంబులెన్స్ వెళ్లడం చూశాను, అంతే. ఎదురింటి ఖాలా, మాకు పిన్నిలాంటిది, అమ్మతో నలభై ఏళ్లు కూరలు ఇచ్చిపుచ్చుకున్న మనిషి. కిటికీ పరదా వెనక నిలబడి ఏడ్చింది, గడప దాటలేకపోయింది. ఆమెను తప్పుపట్టను. ఆ రోజుల్లో నేనైనా తలుపు తీసేదాన్ని కాదు. దినాలూ లేవు, పిలుపులూ లేవు. మా ఇంటికి ఒక్కరూ వచ్చి పక్కన కూర్చోలేదు. అప్పటినుంచి నాకు ఏడుపు రావాల్సిన చోటల్లా కోపం వచ్చేది.

వాళ్లు ఏడవొద్దని అనలేదు. ఒకామె మాత్రం, మీ అమ్మ ఏం బాగా వండేదని అడిగింది. పచ్చిపులుసు అన్నాను. చింతపండు అంటే ఏమిటో తెలియని ఆ ఆడవాళ్లకు, ఎక్కిళ్ల మధ్యే, ఉల్లిగడ్డ ఎలా పిసకాలో చేతులతో చూపించాను. శ్రద్ధగా విన్నారు. మూడు రోజులు వరసగా వచ్చారు.

నాలుగో రోజుకు నాకు భయం పట్టుకుంది. దొంగ ఏడుపు ఏడ్చాననుకుంటారేమో. కిందికి వెళ్లి, మా ఊళ్లో పర్సో అంటే ఏమిటో ఆమెకు విడమరిచి చెప్పాను. ఆమె కదురు ఆపలేదు.

"మూడేళ్లా?"

"హౌ."

ఈసారి నవ్వలేదు. "అప్పుడెవరూ రాలేదా?"

"రానివ్వలేదమ్మాజీ."

అప్పుడు కదురు ఆపింది. "దారి మూసి ఉంటే ఎలా వస్తారు?" అంది. "చలికాలంలో ఇక్కడ ఎవరైనా పోతే, అవతలి లోయ చుట్టాలు ఏప్రిల్‌లో వస్తారు. వచ్చి, ఆ రోజే పోయినట్టు కూర్చుని ఏడుస్తారు. దారి తెరిచాకే కదా బేటీ రావాలి."

నేను మెట్లెక్కి పైకి వచ్చాను. ఆయన ఆదివారం బస్సు కోసం మా బ్యాగులకు తాళ్లు కడుతున్నాడు. నా ముఖం వంక చూడలేక, వంచిన తల ఎత్తలేదు.

"తాళ్లిప్పు," అన్నాను. "చలికాలానికి కట్టెలెన్ని కావాల్నో కిందికి పోయి అమ్మాజీని అడుగు."