చింతపండుతో తోమిన గడ్డి మిషన్

నా చిన్నప్పుడు నా కాలు ఒకచోట నిలిచేది కాదు. అన్నం సగం తిని లేచేదాన్ని, జడ సగం వేయించుకొని పరుగెత్తేదాన్ని. "కాలు కాలిన పిల్లి లెక్క తిరుగుతది ఈ పిల్ల" అని మా నాయనమ్మ రోజుకు పదిసార్లు అనేది. అరవై దాటినా ఆ గుణం పోలేదు. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదంటారు కదా. అయితే ఒక్క పని దగ్గర మాత్రం నేను నిదానంగా కూర్చుంటాను. మా ఇంటి ముందు పచ్చిక కోసే మిషన్ను తుడిచేటప్పుడు. ఆ నిదానం నాది కాదు, మా తాతయ్యది.

ఖమ్మం శివార్లలో మేముంటున్న ఇంటి ముందు నాలుగు నవారు మంచాలు పట్టేంత పచ్చిక ఉంది. వానలు పడగానే అది మోకాలెత్తు లేచింది. మా అబ్బాయి పెట్రోలు మిషన్ కొందామని ఫోన్‌లో బొమ్మలు చూపించాడు. నాలుగు మంచాల గడ్డికి ఇంజనెందుకురా, ఎకరం ఉన్నవాడికీ ఎగుడుదిగుడు నేల ఉన్నవాడికీ అది కావాలి గాని, అని నేను పోట్లాటకు దిగాను. మా కోడలు కరెంటుది చాలంది. గడ్డిలో తీగ ఈడ్చుకుంటూ నడవడం నాకు భయమన్నాను. చివరికి దుకాణానికి నేనే వెళ్లి, చేత్తో నెట్టే మిషన్ తీయించాను. దుకాణం కుర్రవాడు దాన్ని తుడిచి నా ముందు పెట్టాడు. నేను చేతిసంచిలోంచి పాత పేపరు ముక్క తీసి బ్లేడుకు అందించి, చక్రం మెల్లగా తిప్పాను. ఈ కొసన తెగింది, నడుమ తెగింది, ఆ కొసన మడతపడింది. ఇంకోటి తెమ్మన్నాను. మూడోది ఈ చివర నుంచి ఆ చివర దాకా తెగింది. "ఈ పరీక్ష ఎవరు నేర్పిన్రమ్మా?" అని ఆ కుర్రవాడు నవ్వుతూ అడిగాడు. మా తాత అని మాత్రం చెప్పి వచ్చేశాను. మిగతాది దుకాణంలో నిలబడి చెప్పే సంగతి కాదు.

మా తాతయ్య పినపాక వైపు అడవి ఊరివాడు. పడుచుతనంలో ఇళ్లకప్పు గడ్డి కోసిన చెయ్యి ఆయనది. తర్వాత కొత్తగూడెం వచ్చి బొగ్గు బాయిలో ఫిట్టరుగా చేరాడు. మా వైపు బొగ్గు గనిని బాయి అనే అంటారు. ఇరవై ఏళ్లు బాయిలోకి దిగీ దిగీ ఆయన ఛాతీ దుమ్ము పట్టిపోయింది. నాలుగు మెట్లు ఎక్కితే పిల్లికూతలు. దవాఖానాలో పరీక్ష చేసి, కింద పని వద్దు, పైన తేలిక పని ఇవ్వండని రాశారు. అలా ఆయన ఆఫీసరు గారి బంగళాలో తోటమాలి అయ్యాడు. ఆ పని ఉన్నన్నాళ్లే మా తాతయ్యకు ఊపిరి ఉంటుందని ఇంట్లో అందరికీ తెలుసు. పదేళ్ల దాన్ని నాకూ తెలుసు. అది తెలిసి కూడా నేను చేసిన పని చెబుతాను.

బంగళా ముందు పెద్ద పచ్చిక ఉండేది. దాన్ని కోయడానికి పోత ఇనుప చక్రాల మిషన్ ఉండేది. రెండు చక్రాల మధ్య అయిదు బ్లేళ్లు జడ పాయల్లా మెలితిరిగి ఉంటాయి. వాటి కింద కదలకుండా ఒక చదును బ్లేడు. నెడితే పైవి తిరుగుతాయి, కిందిది ఆనుకొని ఉంటుంది, రెండింటి నడుమ పడ్డ గడ్డి కత్తెరలో పడ్డట్టే తెగుతుంది. మా తాతయ్య పని కాగానే దాన్ని బోర్లించి, అంటుకున్న గడ్డిని పుల్లతో గీకి, నూనె గుడ్డతో తుడిచి, షెడ్డులో చెక్క మీద పెట్టేవాడు. మంచు ఆరందే గడ్డి మీదికి తోలేవాడు కాదు. తోలే ముందు పచ్చికంతా నడిచి రాళ్లూ పుల్లలూ ఏరేవాడు. నన్నూ ఏరమనేవాడు. నాకు ప్రాణం మీదికి వచ్చేది. రాళ్లు ఏరే లోపల నాలుగు వరసలు కోసేయొచ్చు కదా అని గొణుగుతూ తిరిగేదాన్ని.

ఆ ఏడు దసరా ముందురోజు షెడ్డులో ఆయుధ పూజ. ఆ రోజు ఇనుప సామానంతా శుభ్రం చేసి, పసుపు కుంకుమలు పెట్టి, పండుగ దాటేదాకా ముట్టుకోకుండా ఉంచుతాం. పార, కొడవలి, కత్తెర, మిషన్, అన్నీ తుడిచే పని మా తాతయ్య నాకు అప్పగించాడు. "నూనె గుడ్డతోనే తుడువాలె బిడ్డా, నీళ్లు తగలనియ్యకు" అని చెప్పి బంతిపూల కోసం వెళ్లాడు. బయట నా జట్టు పిల్లలు నన్ను కేకేస్తున్నారు. నూనె గుడ్డతో ఎంత రుద్దినా ఆ జిడ్డు నలుపు వదలదు. మసి పట్టిన మిషన్‌కు పూజేంది అనుకున్నాను. ఇంటికి ఉరికి, నాయనమ్మ ఇత్తడి బిందెలు తోమగా మిగిలిన చింతపండు, ఇటుక పొడి తెచ్చాను. నల్లా కింద పెట్టి బిందెను తోమినట్టే తోమాను. పావు గంటలో ఇనుము వెండిలా మెరిసింది. తడి ఆరకముందే ప్రతి బ్లేడుకూ పసుపు రాసి, బొట్లు పెట్టి, బయటికి పరుగు తీశాను.

మా తాతయ్య వచ్చేసరికి మిషన్ బొట్లతో, షెడ్డు గుమ్మంలోంచి పడే ఎండలో ధగధగలాడుతోంది. ఆయన దండ వేసి, కొబ్బరికాయ కొట్టి, ఆ నీళ్లు దాని ముందు నేల మీద చిలకరించాడు. "మస్తు తుడిచినవ్ బిడ్డా" అన్నాడు. ఆ మాటకు నేను గాల్లో తేలిపోయాను. చింతపండు సంగతి చెబుదామని నోటిదాకా వచ్చింది. పిల్లలు మళ్లీ పిలిచారు, వెళ్లిపోయాను.

పండుగ తెల్లారి సాయంత్రం బంగళాలో విందు. పైనుంచి పెద్దలెవరో వస్తున్నారని, పచ్చిక పరుపులా ఉండాలని ఆఫీసరు గారు మూడుసార్లు చెప్పి పంపారు. పొద్దున మా తాతయ్యతో నేనూ వెళ్లాను. దండ తీస్తే దాని కింద వెండి లేదు. ఎర్రమట్టి పూసినట్టు బ్లేళ్లంతా తుప్పు. చక్రం తిప్పితే కీచుమంది. ఆయన నమ్మలేనట్టు మిషన్‌ను పచ్చిక మీదికి తెచ్చి, బంగళా మెట్ల పక్కన నాలుగడుగులు నెట్టాడు. గడ్డి తెగలేదు, పీక్కుపోయింది. ఆగి, బ్లేడు మీద వేలు రాసి, నాలుకకు తాకించాడు.

"పుల్లగున్నది" అన్నాడు, అంతే.

నాకు భయమేసింది. తిడతాడని కాదు, తిట్టలేదని. ఆయన షెడ్డు మెట్టు మీద కూర్చొని చాలాసేపు దగ్గాడు. ఆ దగ్గు వింటుంటే నాకు బాయి దగ్గరి పంజరం లిఫ్టు, అందులో ముడుచుకొని దిగే మనుషులు కళ్ల ముందు కనిపించారు. ఇవ్వాళ సాయంత్రానికి ఈ గడ్డి తెగకపోతే ఆయన కూడా అందులో నిలబడాల్సి వస్తుంది. చేసింది నేను.

దగ్గు ఆగాక ఆయన లేచి, ఒక వైపు చక్రం ఊడదీసి, బ్లేళ్ల ఇరుసుకు ఒక వంకర పిడి బిగించాడు. సానపట్టే ఎమిరీ పొడి, నూనె కలిపి ముద్ద చేసి, కింది బ్లేడు వెంట పూశాడు. "తిప్పు. ముందుకు గాదు, ఎనుకకు. ముందుకు తిప్పితే గడ్డి కోస్తది, ఎనుకకు తిప్పితే తనను తాను సానబట్టుకుంటది" అని పాత పేపరును సన్నగా పీలికలు చింపి నా పక్కన పెట్టాడు. "గీ కాగితం ఈ కొసకెల్లి ఆ కొసదాంక కత్తెరేసినట్టు తెగాలె. అప్పుడు నన్ను పిలువు." ఆయన రాళ్లు ఏరడానికి వెళ్లాడు.

తిప్పాను. అంతకంటే విసుగు పుట్టించే పని నా జన్మలో చేయలేదు. తిప్పుతుంటే ఎక్కడికీ పోయేది లేదు, ఒక అడుగు ముందుకు పడేది లేదు. వెనక్కి, వెనక్కి, గరగరమని ఒకటే మోత. గోడ అవతల కొత్త బట్టల పిల్లలు జమ్మి ఆకు పంచడానికి ఇల్లిల్లూ తిరుగుతున్నారు. చెయ్యి మార్చి తిప్పాను, నిలబడి తిప్పాను, ఏడుస్తూ తిప్పాను. ఎండ ముదిరింది. పేపరు పెట్టి చూస్తే నడుమ తెగింది, కుడి కొసన తెగింది, ఎడమ కొసన మాత్రం మొండిగా మడతపడింది. మరికాసేపు తిప్పాను. మళ్లీ మడత. అప్పుడు నేను ఒక పీలికను చేత్తోనే చింపి, తాతా తెగింది అని కేకేశాను.

ఆయన వచ్చి, నా చేతిలో ఉన్నదాన్నీ నడుమ తెగినదాన్నీ పక్కపక్కన పెట్టి ఎండకు పట్టాడు. ఒకదాని అంచు గీత గీసినట్టుంది. రెండోదానికి నూగు.

"చింపినదానికి పీసులుంటయి బిడ్డా. గడ్డికి గూడ గంతే. కోస్తే మళ్లీ చిగురేస్తది, చింపితే కొస ఎండిపోతది" అన్నాడు. ఎడమ వైపు స్క్రూను వెంట్రుకవాసి బిగించి, పిడి మళ్లీ నా చేతికి ఇచ్చాడు. ఈసారి నేను గోడ వైపు చూడలేదు. ఎంతసేపు తిప్పానో తెలియదు. పెట్టిన పీలిక పెట్టినట్టే తెగి ఒళ్లో పడుతుంటే, కొస నుంచి కొస దాకా పన్నెండు పీలికలు తెగాక పిలిచాను.

ముద్ద కడిగి, పొడి గుడ్డతో తుడిచి, నూనె వేసి, చక్రం బిగించేసరికి మధ్యాహ్నమైంది. ఆయన తోలాడు, నేను ముందు నడుస్తూ మిగిలిన రాళ్లు ఏరాను. మరీ నున్నగా గీయకుండా పైకొస మాత్రమే తీస్తూ పోయాడు. ఎండలో గుండు చేస్తే గడ్డి వేరు మాడుతుందట. దగ్గు వచ్చినప్పుడల్లా పిడి పట్టుకొని ఆగి మళ్లీ కదిలేవాడు. కుర్చీలు వేసే వేళకు పచ్చిక పూర్తయింది. ఒక్క మెట్ల పక్కన, పొద్దున పీక్కుపోయిన నాలుగడుగుల మేర మాత్రం అప్పటికే కొసలు తెల్లబారి ఎండాయి.

ఆఫీసరు గారి కన్ను ముందు దాని మీదే పడింది. ఇదేంటని అడిగారు. నేను మందార చెట్టు వెనక ఉన్నాను. మా తాతయ్య తలపాగా తీసి చేతిలో పట్టుకున్నాడు.

"నేనే సార్. పండుగ పూట మిషన్ కడిగి, తుడువకుండ పెట్టిన. తుప్పు పట్టింది."

"ఇనుము తెలిసినోడివని కదా నీకీ పని ఇచ్చింది. ఇంకోసారి ఇట్లయితే మళ్లీ బాయిలకే పోతవ్" అన్నారాయన. నేను చెట్టు వెనక నుంచి నాలుగడుగులు వేస్తే సరిపోయేది. రోజంతా కుదురులేని ఆ కాళ్లు అప్పుడే భూమికి అతుక్కుపోయాయి.

ఇంకోసారి అట్లా కాలేదు. కానివ్వలేదు. మా తాతయ్య ఆ తర్వాత మూడేళ్లు తోటలోనే పనిచేసి రిటైరయ్యాడు. ఆ మూడేళ్లూ బడి వదలగానే నేను షెడ్డుకు వెళ్లి మిషన్ను ముట్టుకొని చూసేదాన్ని, తడి తగిలిందేమోనని. బాయి షిఫ్టు సైరన్ మోగితే చేస్తున్న పని ఆపి షెడ్డు వైపు చూసేదాన్ని.

నా పెళ్లయ్యాక ఒకసారి, ఆయన మంచం పట్టినప్పుడు, అడగనే అడిగాను. తాతా, ఆ రోజు నేను చెప్పాల్సింది, నా తప్పు నువ్వెందుకు మీదేసుకున్నవ్ అని. ఆయన దగ్గుతూనే నవ్వాడు.

"తప్పు ఒప్పుకునుడు ఒకటి, దాన్ని సాపు జేసుడు ఒకటి. నువ్వు రెండోది జేసినవ్. చేతులు పొక్కులెక్కినయి గద, ఇంకేం గావాలె?"

ఆయన ఆ మాటతో నన్ను వదిలేశాడు. నేనే నన్ను వదల్లేకపోయాను. మా తాతయ్య మాటకు నేను ఎదురు చెప్పింది తక్కువ, కానీ ఈ ఒక్క దగ్గర ఆయన లెక్క తప్పని ఇప్పటికీ అనుకుంటాను. కాగితం నడుమ తెగితే చాలదని నేర్పింది ఆయనే కదా. రెండో కొస కూడా తెగాలి.

మొన్న దసరాకు కొత్త మిషన్‌కు పూజ చేశాను. బొట్టు కర్ర పిడికే పెట్టాను. బ్లేళ్లకు నూనె తప్ప ఏదీ తాకనివ్వలేదు. నా మనవరాలు అది చూసి, బ్లేడుకెందుకు పెట్టలేదు నానమ్మా అని అడిగింది. చెప్పబోయి, ఆ పిల్ల కాలు అప్పటికే గేటు వైపు తిరిగి ఉండటం చూసి ఊరుకున్నాను. ఇక్కడ రాస్తే ఎప్పుడైనా నిలబడి చదువుకుంటుంది. ఆ ఆఫీసరు గారు ఇప్పుడు ఎక్కడున్నారో, ఉన్నారో లేరో నాకు తెలియదు. అయినా ఆయనకూ ఒక మాట బాకీ ఉన్నాను.

సార్, ఆ మిషన్ను చింతపండుతో తోమింది మా తాతయ్య కాదు. నేను.